ముప్ఫై ఒక్క మాటలు

తమ్ముణ్ణి నిద్ర లేపడమంటే అక్కకి తలప్రాణం తోకకొచ్చేది. చిన్నప్పుడూ అంతే, ముప్ఫయ్యేళ్ళు దాటి ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లోనూ అంతే. దుప్పటి లాగితే కాళ్ళు ముడుచుకునేవాడు. కిటికీ తెరిస్తే గోడవైపు తిరిగేవాడు. అలాంటివాడు చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మిషన్లని నిద్ర లేపడం.

ఆ మాట మొదటిసారి విన్న రోజు అక్కకి నవ్వాగలేదు.

"నిన్ను లేపడానికి ఎవరైనా మిషను చెయ్యాలి గానీ, నువ్వు వాటిని లేపేదేమిట్రా!"

"నన్ను లేపడానికి నువ్వున్నావు. పాపం వాటికెవరున్నారు?" అన్నాడు వాడు, పళ్ళు తోముకుంటూ.

వాడు పనిచేసే చోటు పెద్దదేం కాదు. సైకిళ్ళ షాపు మీద రెండు గదులు, నాలుగు బల్లలు. మంచం పట్టినవాళ్ళ కింద వేసే గాలిపరుపులకి అక్కడ పంపులు తయారుచేసేవాళ్ళు. ఆ పరుపులో పొడుగ్గా గొట్టాల్లాంటి అరలుంటాయి. పది నిమిషాలు ఒక అర విడిచి ఒక అర గాలితో నిండుతుంది, ఇంకో పది నిమిషాలు మిగతావి. మనిషి కదలకపోయినా కింద ఒత్తిడి మారుతూ ఉంటుంది, వీపు పుండు పడదు. ఆ పంపుకి బుర్ర, గోరంత చిప్పు. కరెంటు పోయి వచ్చిందంటే ఆ చిప్పుకి ఏమీ గుర్తుండదు. తనెవరో, ఎక్కడుందో, పొద్దున్నుంచీ ఏం చేసిందో, అన్నీ మర్చిపోయి లేస్తుంది. అలా లేచినప్పుడు దానికి మొట్టమొదట వినిపించే మాటలు రాసేది తమ్ముడు. దాన్ని బూట్‌లోడర్ అంటారు. అది సరిగ్గా ఉంటే మిగతా ప్రోగ్రామంతా దాని వెనకే లేచి పనిలో పడుతుంది. అదే తప్పిందా, బయటినుంచి ఎవరెంత అరిచినా లాభం లేదు. వినాల్సిన చెవే తెరుచుకోలేదు గదా.

అందుకని ఆఫీసులో వాడికి మేలుకొలుపు అని పేరు. పెట్టింది బోర్డులాయన. సర్క్యూట్ బోర్డులకి సోల్డరు పెట్టేదీ, చిప్పుల్లోకి ప్రోగ్రాం ఎక్కించేదీ ఆయనే. పద్దెనిమిదేళ్ళు పక్కపక్క బల్లల మీద కూచున్నారు ఇద్దరూ. మేలుకొలుపు రోజూ ఆఫీసుకి ఆలస్యంగా వచ్చేవాడని ఆ పేరులో అసలు ఎత్తిపొడుపు.

తమ్ముడు రాసే భాష అసెంబ్లీ. చిప్పుకి అర్థమయ్యే దానికి బాగా దగ్గరి భాష. అందులో ఒక్కో వరసకీ ఒక్క చిన్న పనే. ఈ డబ్బాలోది తియ్యి, ఆ డబ్బాలో పెట్టు, సున్నా అయిందేమో చూడు. ఒక్క దీపం వెలిగించాలన్నా పన్నెండు వరసలు. అన్నిసార్లు రాయడానికి బద్ధకం వేసి వాడు కొన్ని మాటలు కట్టుకున్నాడు. వాటిని మాక్రోలంటారు. అదేమిట్రా అని అడిగితే, అక్కకి మంచం చూపించి చెప్పాడు.

"నువ్వు నన్ను పక్క వెయ్యమంటావు. ఒక్క మాట. అందులో ఎన్ని పనులున్నాయి? పాత దుప్పటి తియ్యాలి, దులపాలి, పరుపు తిరగెయ్యాలి, కొత్తది పరవాలి, అంచులు దోపాలి, దిండు కొట్టాలి. నాకు తెలుసు గనక నువ్వు అవన్నీ చెప్పవు. మాక్రో అంటే అదీ. ఒకసారి విడమరిచి రాసిపెట్టుకుంటే, తర్వాత ఎక్కడ కావాలన్నా ఒక్క మాట అంటే చాలు."

"ఇంతోటి దానికి ఇంత చదువెందుకురా?"

"ఎందుకంటే అందరి మాక్రోలూ నీలాగే ఉంటాయి గనక. పక్క వేసేటప్పుడు దులిపిన దుప్పటి కుర్చీలో పడేస్తావు. కుర్చీలో నా కళ్ళజోడుందో లేదో చూడవు. ఇప్పటికి రెండు విరగ్గొట్టావు. నా మాక్రో కుర్చీ వాడుకోవాలంటే ముందు అందులో ఉన్నది తీసి దాస్తుంది, పనయ్యాక తిరిగి పెడుతుంది. నా మాటల వల్ల ఎవరి కళ్ళజోడూ విరగదు."

అక్క మూతి తిప్పుకుంది గానీ, ఆ మాట గుర్తుండిపోయింది.

అలాంటి మాటలు మొత్తం ముప్ఫై ఒకటి కట్టాడు, పదిహేనేళ్ళలో. లేపు, ఆగు, చూడు, దాచు, తుడువు, తలుపుతియ్యి, మళ్ళీచూడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. ఒకరోజు బోర్డులాయన ఇంటికొచ్చి అక్కతో చెప్పి నవ్వాడు.

"వీడి ప్రోగ్రాం చదువుతుంటే మీరు పనులు పురమాయిస్తున్నట్టే ఉంటుందక్కయ్యా. తలుపు చూడు, దీపం వెయ్యి, ఆగు. చిప్పుకి కూడా మీరంటే భయం."

"ఆ మాటలు నీవేగా. పుట్టినప్పటినుంచీ అవేగా వింటున్నాను" అన్నాడు తమ్ముడు. అక్క నవ్వింది.

తర్వాత జబ్బు వచ్చింది. ముందు చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయాడు. తర్వాత గ్లాసు జారింది. నరాల డాక్టరు సూదులతో, తీగలతో పరీక్షలు చేసి, అక్కనీ, బస్సు డ్రైవరైన బావనీ పక్క గదిలో కూచోబెట్టి చెప్పాడు. కండల్లో బలం ఒక్కొక్కటే పోతుంది, బుర్ర మాత్రం చివరిదాకా బాగుంటుంది, మందు లేదు. బుర్ర బాగుంటుందన్నది మంచి కబురులాగే చెప్పాడాయన.

ఏడాదిన్నరకి వాడు మంచానికి అతుక్కుపోయాడు. వాడి ఆఫీసు పంపే వాడి కిందకి వచ్చింది. టక్కుమని చప్పుడు చేసి అరలు మార్చుకునేది.

"బామ్మర్దీ, ఇన్నాళ్ళూ నువ్వు దాన్ని లేపావు. ఇప్పుడది నిన్ను పడుకోబెడుతోంది" అన్నాడు బావ, నవ్వించాలని. వాడు నవ్వాడు కూడా. బావ మాత్రం పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

అప్పటికే నోటి మాట ముద్దగా వస్తోంది. వాడు ఏమంటున్నాడో ఇంట్లో అక్కకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. వాడు ఆ అన్నా, ఊ అన్నా ఆవిడ పట్టేసేది. మాటలు రాని రోజుల్లో వాడిని చంకనేసుకు తిరిగింది ఆవిడే మరి.

అలాంటి సమయంలో వాళ్ళు వాడే చిప్పు బజారులో దొరకడం మానేసింది. కొత్త చిప్పు తెచ్చారు. దాని పద్ధతి వేరు, డబ్బాలు వేరు. బోర్డులాయన నేరుగా మంచం దగ్గరికొచ్చి కూచున్నాడు.

"ఒరేయ్, పైనున్న ప్రోగ్రామంతా నీ ముప్ఫై ఒక్క మాటల మీదే నిలబడింది. ఆ మాటల లోపల కొత్త చిప్పుకి తగ్గట్టు మార్చి రాస్తే చాలు, పైన ఒక్క అక్షరం కదపక్కర్లేదు. కానీ లోపల రాయడం నా వల్ల కాదురా. నాకు సోల్డరు తెలుసు, ఇది తెలీదు."

తమ్ముడి కళ్ళల్లో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది. ఏదో అన్నాడు.

"నేను చెప్తాను, అక్క రాస్తుంది అంటున్నాడు" అంది అక్క. అనేశాక గానీ ఆ రాసే అక్క తనేనని తట్టలేదు. "నేనెక్కడ? అయిదో తరగతి గట్టెక్కినదాన్ని కాదు."

"నువ్వు విన్నది తెలుగులో రాయక్కయ్యా, చాలు. నేను ఆఫీసులో టైపు కొట్టుకుంటాను" అన్నాడు బోర్డులాయన.

అలా మొదలైంది. పొద్దున్న వాడికి ఒళ్ళు తుడిచి, తిండి గొట్టంలో పోసి, తల ఎత్తుగా పెట్టి, రూళ్ళ నోటుబుక్కుతో అక్క స్టూలు మీద కూచునేది. ఎల్ డి ఆర్, ఆర్ సున్నా. ఎస్ టి ఆర్, ఆర్ ఒకటి. తెలుగు అక్షరాలే, దేవుడికి తెలియాలి దాని అర్థం. ఒకసారి చెప్తే అందేది కాదు గనక ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాడు ప్రతి వరసా రెండుసార్లు చెప్పాలి, ఆవిడ ఒకసారి రాయాలి. రాసింది తిరిగి చదవాలి. సరైతే వాడు రెప్పలు గట్టిగా మూస్తాడు, తప్పైతే తెరిచే ఉంచుతాడు.

రోజుకి పది వరసలు, బాగున్న రోజు పదిహేను. పందొమ్మిది రోజులు పట్టింది. గొంతు రోజురోజుకీ లోపలికి పోయింది. రెండుసార్లు చాలక మూడు, నాలుగుసార్లు చెప్పే రోజులొచ్చాయి. ఆవిడ విసుక్కునేది కాదు గానీ, ఉడికించేది.

"విన్నాన్రా నాయనా, రాశాను. నాకేం చెవుడు లేదు."

ఒకరోజు ఒకే వరసని మూడుసార్లు అన్నాడు. రాశానంది. మళ్ళీ అన్నాడు. రాశానురా, ఇదిగో, అని చదివింది. కళ్ళు తెరిచే ఉంచాడు. అంతలో ఉమ్మి గొంతుకి అడ్డం పడి మొహం నల్లబడింది. ఆవిడ నోటుబుక్కు కింద పడేసి, వాణ్ణి పక్కకి తిప్పి, గొట్టం పెట్టి ఉమ్మి లాగి, ఊపిరి నిలదొక్కుకున్నాక చూస్తే గంటైంది. మర్నాడు తర్వాతి వరస నుంచి మొదలుపెట్టారు. ముందురోజుది తేల్చుకోలేదన్న సంగతి ఆవిడకి తట్టలేదు. అలా ఊపిరాడకుండా అయిపోయిన రోజులు ఆ పందొమ్మిదిలో నాలుగో, అయిదో ఉన్నాయి.

ఆఖరి వరస రాసిన రోజు బోర్డులాయన వచ్చి పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పి, ముక్కున వేలేసుకున్నాడు.

"అక్కయ్యా, దస్తూరీ ముత్యాల్లా ఉంది. మా ఆఫీసులో డిగ్రీవాడెవడూ ఇలా రాయడు."

జీవితంలో ఆవిడ రాసిన దాన్ని ఇంకొకరు మెచ్చుకోవడం అదే మొదలు. తమ్ముడు కూడా ఆవిడ వంకే చూస్తున్నాడు. చెప్పడానికి వాడి దగ్గర గొంతు మిగల్లేదు. ఆ పందొమ్మిది రోజుల్లో ఉన్నదంతా ఖర్చుపెట్టేశాడు.

నెల తిరిగేసరికి కొత్త పంపులు నలభై తయారయ్యాయి. మొదటిదాన్ని బోర్డులాయన తనే పట్టుకొచ్చి మంచం పక్కన బిగించాడు. పాతదాన్ని ఎవరో అడుగుతున్నారని తీసుకుపోయాడు. "టేబుల్ మీద వందసార్లు స్విచ్చి ఆపి వేశానురా. వందసార్లూ లేచింది. నీ అంత మొద్దు కాదు." పంపు మీద చిన్న పచ్చదీపం. తమ్ముడి మొహం అటు తిప్పి పెట్టింది అక్క. ఆ సాయంత్రమంతా వాడు ఆ దీపాన్నే చూశాడు.

పన్నెండు రోజులు బాగానే నడిచింది. పదమూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. పోవడం కొత్త కాదు. రావడమే కుంటుకుంటూ వచ్చింది. బల్బు ఎర్రగా మినుకుమంది, ఆగింది, మళ్ళీ మినుకుమని వెలిగింది. ఫ్యాను తిరిగింది. పచ్చదీపం రాలేదు.

అక్క వంటగదిలోంచి వచ్చి స్విచ్చి ఆపి వేసింది. రాలేదు. ప్లగ్గు తీసి పెట్టింది. రాలేదు. పరుపులోంచి గాలి మెల్లగా దిగిపోతోంది. తమ్ముడు అంగుళం అంగుళంగా కిందికి కుంగుతున్నాడు. కళ్ళు మాత్రం ఆ దీపం ఉండాల్సిన చోటే ఉన్నాయి.

బోర్డులాయన వచ్చి పంపు విప్పి, మళ్ళీ ప్రోగ్రాం ఎక్కించాడు. లేచింది. రెండు రోజులకి కరెంటు అలాగే తడబడింది. మళ్ళీ పోయింది.

"ఇదొక్కటే కాదక్కయ్యా" అన్నాడు స్టూలు మీద కూలబడి. "నలభైలో తొమ్మిది ఇలాగే పడ్డాయి. సగం లేచి పడిపోతోంది. పడేటప్పుడు లోపలున్నది కూడా చెరుపుకుంటోంది. ఎక్కడో తొందరపడుతోంది. చిప్పు ఇంకా కుదురుకోకముందే సరేనని ముందుకెళ్ళిపోతోంది." తర్వాత తమ్ముడి మొహంలో మొహం పెట్టి అడిగాడు. "ఒరేయ్, ఎక్కడైనా ఒకసారి చూసి ఊరుకోకూడదా? రెండుసార్లు చూడాలా?"

తమ్ముడు రెప్పలు మూశాడు.

అక్క చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అదే వరస రెండుసార్లా?" అంది. "ఒకదాని కింద ఒకటి, అదే వరస?"

"అవునక్కయ్యా. కొన్ని చిప్పులు మొదటిసారి అడిగితే పాత జవాబే చెప్తాయి. రెండోసారి అడిగితేనే నిజం చెప్తాయి. అందుకని అదే వరస వెంటవెంటనే రెండుసార్లు రాస్తారు. ఏం?"

ఆవిడ మంచం అంచున కూచుంది. నాలుగుసార్లు చెప్పాడు. రెండు వరసలకి నాలుగుసార్లు. పద్ధతి వాడు తప్పలేదు. రాశానురా, నాకేం చెవుడు లేదు అంది తను.

"నేను ఒక్కటే రాశాను" అంది. "వాడు చెప్పాడు. నేనే రాయలేదు."

బోర్డులాయన నోటుబుక్కు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఎక్కడో గుర్తుందా అక్కయ్యా? ఒక్కచోట తెలిస్తే చాలు. మాక్రో గనక, అక్కడొక వరస కలిపితే అంతటా సర్దుకుంటుంది."

"అక్కడొకటి పోతే అంతటా పోయినట్టేగా" అంది ఆవిడ.

ఆయన తల ఊపాడు.

పేజీలు తిప్పింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఏ పేజీ చూసినా అదే ఎల్ డి ఆర్, అదే ఎస్ టి ఆర్. రెండొందల పై చిలుకు వరసలు. నాలుగుసార్లు చెప్పిన రోజు ఏది? ఏ రోజు నాలుగుసార్లు చెప్పలేదు గనక? ఊపిరాడని రోజు ఏది? దానికేమన్నా గుర్తు పెట్టిందా?

"అన్నీ రెండేసిసార్లు పెట్టేస్తే?"

"కుదరదక్కయ్యా. ఒకటి కలుపు అన్నది రెండుసార్లంటే రెండు కలుస్తాయి. ఇంకేదో పాడవుతుంది. ఆ చిప్పు పుస్తకం పదకొండు వందల పేజీలు. వీడు మంచం పట్టిన కొత్తలోనే, ఈ చిప్పు వస్తుందని విని, స్క్రీను మీద చదివి బుర్రలో పెట్టుకున్నాడు. నేను మూడొందల దాకా వచ్చాను. సగం అర్థం కాదు."

ఇద్దరూ మంచానికి చెరో పక్కా కూచున్నారు. ఆ వరస వచ్చినప్పుడు రెప్పలు ముయ్యరా అని చెప్పి, ఆవిడ ఒక్కో వరసా చదివింది. ఆయన రెప్పల్ని చూశాడు. నలభై మూడో వరస దగ్గర రెప్పలు మూతపడ్డాయి. "దొరికింది!" అని బోర్డులాయన లేచి నిలబడ్డాడు. అక్కడికక్కడే సంచిలోంచి లాప్‌టాప్ తీసి, వరస కలిపి, పంపులోకి ఎక్కించాడు. తను తెచ్చిన పెట్టెతో కరెంటుని మినుకుమినుకుమనిపించాడు. మొదటిసారి లేచింది. రెండోసారి లేచింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడోసారి పడిపోయింది.

మళ్ళీ చదివారు. యాభై ఎనిమిది దగ్గర రెప్పలు పడ్డాయి. అరవై ఒకటి దగ్గరా పడ్డాయి. అరవై రెండు దగ్గరా. అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. వాడు మూయడం లేదు. అవే వాలిపోతున్నాయి. వారం కిందటి దాకా వాడి చేతిలో మిగిలిన ఆ ఒక్క పనీ ఇప్పుడు వాడిది కాదు. ఇందాక అవునన్నది కూడా అవునో, రెప్ప వాలడమో.

బోర్డులాయన స్నేహితుడి నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపుంచాడు. కరెంటు తడబడినప్పుడల్లా పడే పంపుని నమ్మి ఉంచలేమనీ, మిగిలినవి ఇళ్ళనుంచి వెనక్కి తెప్పిస్తున్నామనీ, పాతరకం ఎక్కడైనా ఒక్కటి దొరికితే ముందు ఇక్కడికే తెస్తాననీ గుమ్మం దగ్గర చెప్పాడు. దొరకదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ప్రతి రెండు గంటలకీ అక్క తమ్ముణ్ణి తనే తిప్పుతోంది. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి, మోకాళ్ళ మధ్య దిండు. ఎడమవైపు, వెల్లకిల, కుడివైపు. బావ ఇంట్లో ఉంటే బావ ఒక పక్క పడతాడు. అయినా నడుము దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ పడింది. వేలితో నొక్కితే తెల్లబడడం లేదు, పుండు మొదలవుతోంది.

తిప్పడానికీ తిప్పడానికీ మధ్య స్టూలు లాక్కుని కూచుని నోటుబుక్కు తెరుస్తుంది. బోర్డులాయన రోజూ ఫోను చేస్తాడు.

"ఏమన్నా చెప్పాడా అక్కయ్యా?"

"లేదు. నీకేమన్నా దొరికిందా?"

"నాలుగొందల ఇరవయ్యో పేజీ దగ్గరున్నాను."

ఫోను పెట్టేసి మొదటి పేజీ నుంచి మొదలుపెడుతుంది. తమ్ముడి కళ్ళు సగం మూసి ఉంటాయి. లోపల నల్లగుడ్డు మాత్రం ఆవిడ వైపే ఉంటుంది. బుర్ర చివరిదాకా బాగుంటుందని డాక్టరు చెప్పాడు. అంటే ఆ వరస ఎక్కడుందో వాడికి తెలుసు. ఇప్పుడు, ఈ నిమిషంలో తెలుసు. ఆవిడ దాని మీదుగా ఎన్నిసార్లు చదువుకుంటూ వెళ్ళిపోయిందో కూడా తెలుసు.

"ఎల్ డి ఆర్, ఆర్ సున్నా" అంటుంది ఆవిడ, వాడి చెవి దగ్గరగా. ఆగుతుంది. "ఎల్ డి ఆర్, ఆర్ సున్నా." రెప్పల్ని చూస్తుంది. అప్పుడు రెండో వరసకి వెళ్తుంది. దాన్నీ రెండుసార్లు చదువుతుంది.